దుప్పటి ఇచ్చారు సరే, సీటు ఎవరికిచ్చారు?

డిసెంబర్ వస్తే మన ఫోన్లన్నీ ఒకే ఫోటోతో నిండిపోతాయి. కథోలిక స్కూలు యూనిఫాంలో పిల్లలు వరసగా నిలబడతారు. ఎదురుగా కుర్చీల్లో ముసలమ్మలు, ఒళ్లో దుప్పటి, బియ్యం సంచి. మధ్యలో ఫాదర్‌గారు, సిస్టర్‌గారు. తపస్సు కాలంలో అదే ఫోటో మళ్లీ వస్తుంది, దుప్పటి స్థానంలో పండ్లు ఉంటాయి. ఏ స్కూలని అడగకండి. ఒక స్కూలు పేరుపెట్టి తిట్టడం నా పని కాదు. నేనడిగేది ఒక్కటే. ఆ ముసలమ్మ ఏ వాడ నుంచి వచ్చింది? ఆమె మనవడు ఏ బడిలో చదువుతున్నాడు?

ముందు చెప్పుకోవలసిన మంచి చెప్పుకుందాం. మిషన్ బడి రాకపోతే మాల మాదిగ వాడల్లోకి అక్షరం ఇంకెన్నేళ్లకు వచ్చేదో. 1985 జులైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చి తలదాచుకున్నది చీరాల చర్చి ఆవరణలోనే. మన వాళ్లు శిలువను ఎందుకు నమ్ముకున్నారో, నమ్ముకున్నాక కూడా కులం ఎలా వెంటాడిందో తెలియాలంటే కల్యాణరావు ‘అంటరాని వసంతం’ చదవండి. సిస్టర్లు కట్టిన కట్లు, ఊరూరా తిరిగిన ఉపదేశుల కాళ్ల నొప్పులు నాకు తెలుసు. ఆ సేవను నేను తక్కువ చేయను. ఆ సేవ ఎక్కడ ఆగిపోయిందన్నదే నా గొడవ.

కల్లూరు సంగతి తీసుకోండి. సత్తుపల్లి నియోజకవర్గం, ఎస్సీ రిజర్వుడు సీటు. ఇక్కడి నుంచి భద్రాచలం వైపు పోతే కోయగూడేలు. ఆదివారం పూజలో ఒకే బల్ల మీద ఒక కోయ కుటుంబం, ఒక మాదిగ కుటుంబం కూర్చున్నాయనుకోండి. ఇద్దరిదీ ఒకే జపమాల, ఒకే దివ్యసత్ప్రసాదం. జ్ఞానస్నానం తీసుకున్నా కోయపిల్ల ఎస్టీగానే ఉంటుంది. మాదిగ పిల్లాడు ఉన్నది ఉన్నట్టు రాయించుకుంటే ఎస్సీ కాకుండా పోతాడు. బీసీ-సీలో, ఒక్క శాతం కోటాలో పడతాడు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా చేసిన పని ఇది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు, ముస్లింలకు తెరవలేదు. ఆ షరతు తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. పేరా మాత్రం అక్కడే ఉంది.

దాంతో మన పిల్లలకు రెండు బతుకులు. గుడి రిజిస్టర్లో జోసెఫ్, బడి రిజిస్టర్లో ఇంకో పేరు. మతం గడిలో ‘హిందూ’. కుల మతాంతర వివక్షకు ఇంతకన్నా రుజువేం కావాలి? తాను రోజూ చేసే ప్రార్థనను కాగితం మీద దాచుకోవాలని ఆరేళ్లప్పుడే నేర్చుకుంటాడు. కేవలం రిజర్వేషన్ కోసం ఎస్సీనని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు అంది. విశ్వాసం ఉన్నవాణ్ణి అబద్ధంలోకి నెట్టిన చట్టాన్ని ఏమనాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ పేరా మీద చర్చి పోరాడుతోంది, నిజమే. ఏటా ఆగస్టు 10న నల్లదినం పాటిస్తోంది. నేను కూడా ఆ జెండా కిందే నిలబడతాను. అయితే రాష్ట్రపతిని అడిగేవాళ్లు ప్రిన్సిపల్‌ను కూడా అడగాలి కదా! చట్టం మారేదాకా ఆగనక్కర లేకుండా చర్చి చేతిలో ఇప్పుడే ఉన్న అధికారం మాటేమిటి?

ఆ అధికారం పేరు ఆర్టికల్ 30. మైనారిటీలు తమ విద్యాసంస్థల్ని స్థాపించుకుని నిర్వహించుకునే హక్కు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీనవర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ బడులకు ఆ చట్టం వర్తించదంది. ఇప్పుడు చెప్పండి, ఆ మైనారిటీ ఎవరు? దేశంలోని కోటీ 90 లక్షల కథోలికుల్లో కోటీ 20 లక్షల మంది దళితులని 2016 డిసెంబర్‌లో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య తన దళిత సాధికారత విధానంలో తానే రాసుకుంది. చర్చిలో అంటరానితనం ఉందని కూడా అందులోనే ఒప్పుకుంది. అంటే మైనారిటీ హోదాకు తలలు లెక్కపెట్టేది మా వాడలో. ఆ హోదాతో మినహాయింపు తెచ్చుకునేది బడి. సీటు దక్కేది ఫీజు కట్టగలిగినవాడికి. మా తలలు, వాళ్ల సీట్లు!

2021లో బాలల హక్కుల జాతీయ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం క్రైస్తవ బడుల్లో 74 శాతం పిల్లలు ఆ మతం వాళ్లు కారు. మొత్తం మైనారిటీ బడుల్లో సామాజికంగా, ఆర్థికంగా వెనకబడిన పిల్లలు 8.76 శాతమే. ఆ నివేదిక వెనక ఎవరి రాజకీయం ఉందో మనకు తెలుసు. ఇతర మతాల పిల్లలు చదవడం మీద నాకు అభ్యంతరం లేదు, అది మంచిదే. కానీ ఆ రెండో అంకె తప్పని చెప్పాలంటే చర్చి తన లెక్క తానే బయటపెట్టాలి.

రెండు జవాబులు వస్తాయని తెలుసు. ఒకటి, ఫీజు లేకపోతే జీతాలెలా? న్యాయమైన ప్రశ్న. అయితే ఖాతాలు చూపించండి. పట్నం బడి మిగులులో ఎంత పల్లె బడికి వెళ్తోందో విశ్వాసులకు చెప్పండి. రెండు, చర్చిల మీద దాడులు జరుగుతున్న ఈ రోజుల్లో ఇంటి గుట్టు రట్టు చేస్తారా? ఆ దాడుల్లో దెబ్బలు తినేది ఎక్కువగా వాడలోని పాస్టరు, వాడలోని ప్రార్థన గుడిసె. దెబ్బలో ముందున్నవాళ్లు అడ్మిషన్ లైన్లో ఎందుకు వెనకున్నారని అడిగితే అది ద్రోహమా?

2022 ఆగస్టు 27న పూల ఆంథోనిగారు కార్డినల్ అయ్యారు. తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్. మన వాడలకు అది పండగే. పైన ఒక ఎర్రటోపీ వచ్చినంత మాత్రాన కింద ప్రిన్సిపల్ కుర్చీ దానంతటది కదలదు.

నా మాట నచ్చకపోతే చర్చి మాటే వినండి. 1965 నవంబర్‌లో రెండో వాటికన్ మహాసభ గృహస్థుల ప్రేషితత్వం మీద ఇచ్చిన డిక్రీ, ఎనిమిదో పేరా. న్యాయంగా ఇవ్వాల్సిన దాన్ని దానంగా ఇవ్వకూడదని దాని సారాంశం. దుప్పటి దానం. సీటు న్యాయం. మొదటిది ఇచ్చి రెండోది ఎగ్గొడితే ఆ సేవ చర్చి బోధ ముందే నిలబడదు.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ నాలుగూ మీ విచారణలో లిఖితంగా అడగండి. ప్రతి స్కూల్లో దళిత, ఆదివాసీ విద్యార్థుల సంఖ్య తరగతివారీగా ప్రకటించాలి. చట్టం అడగకపోయినా 25 శాతం సీట్లు ఉచితంగా ఇవ్వాలి. ఆయా నుంచి ప్రిన్సిపల్ దాకా ఏ ఉద్యోగంలో ఎవరున్నారో చెప్పాలి. మేనేజ్‌మెంట్ కమిటీలో వాడ మనుషులకు ఓటు ఉండాలి.

ఈ డిసెంబర్లో కూడా ఫోటోలు వస్తాయి. లైక్ కొట్టేముందు కామెంట్లో ఒక్క ప్రశ్న రాయండి: ఈ అవ్వ మనవడికి మీ బడిలో సీటుందా? జవాబొచ్చినా, బ్లాక్ చేసినా స్క్రీన్‌షాట్ నాకు పంపండి. తర్వాతి భాగం వాటితోనే రాస్తాను.

జై భీమ్.