డప్పు అద్దాల పెట్టెలో – డప్పు కొట్టినోడు గేటు బయట

మన సామాను పెట్టినంత మాత్రాన అది మన మ్యూజియం కాదు. డప్పును అద్దాల పెట్టెలో పెట్టి కింద ‘చర్మ వాద్యం’ అని చీటీ అంటిస్తరు. ఆ తోలును లందలో నానబెట్టిందెవరు, చావు దెబ్బకూ పెండ్లి దెబ్బకూ తేడా ఏంది, వెట్టికి కొట్టనన్నందుకు ఎవరి వీపు పగిలింది – ఇవేవీ చీటీ మీద ఉండవు. వస్తువు దొరికింది, మనిషి తప్పిపోయిండు.

బొగ్గుబాయిల ప్రాంతంలో ఈ మాట ఇప్పుడే అడగాలె. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. 1990 నాటికి సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసిండ్రు. ఇయ్యాల అందులో సగం కూడా లేరు. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన ఫిల్లర్లు ముసలోళ్లైండ్రు. దొర వెట్టి తప్పించుకొని బాయికి వచ్చిన మాల, మాదిగ బిడ్డలు వాళ్లలో ఎంతోమంది. ఒక్కొక్కరు పోయినప్పుడల్లా ఒక్కో చరిత్ర పోతున్నది. ఓపెన్‌కాస్టు వచ్చిన చోట వాడ పోతది, ఆఖరికి బొందలగడ్డ కూడా పోతది.

2022 ఆఖర్న ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ పేరుతో హైదరాబాద్ నుంచి బస్సు పెట్టింది. గని చూడ రావుడు మంచిదే. టన్నుల లెక్క, యంత్రాల గొప్ప చెప్పేటోళ్లు మస్తుమంది ఉంటరు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిన సంగతి ఎవరు చెప్పాలె? ఆ ఇండ్లోళ్లు చెప్పాలె, వాళ్లకు ఇష్టమైతేనే.

చదువు రానోళ్లు మ్యూజియం ఏం పెడతరు అని కొందరు నవ్వుతరు. చుండూరు చూడుండ్రి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపితే, ఆ శవాలను ఊళ్లోనే పూడ్చి, ఆ నేలకు రక్తక్షేత్రం అని పేరు పెట్టింది దళితులే. ఏ నిపుణుడు నేర్పిండు?

బయటి దేశాల్లోనూ ఇదే దారి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరంలోని డిస్ట్రిక్ట్ సిక్స్ పేటను 1966లో తెల్లోళ్లకే అని ప్రకటించి, 60 వేల మందికి పైగా వెళ్లగొట్టిండ్రు. 1994లో అక్కడ పెట్టిన మ్యూజియంలో నేల మీద పాత వీధుల పటం పరిచిండ్రు. వెళ్లగొట్టబడ్డోళ్లే వచ్చి, మా ఇల్లు ఇక్కడ అని తమ చేత్తో రాసిండ్రు. భూములు తిరిగి ఇయ్యమనే పోరాటానికి ఆ మ్యూజియం తోడు నిలిచింది. వేల్స్‌లో 1980లో మూసిన బిగ్ పిట్ బొగ్గుగనిని 1983లో మ్యూజియం చేసిండ్రు. చూడవచ్చినోళ్లను కిందికి తీసుకపోయేది గని కార్మికులే.

కాసిపేటలో మనమేం చేయాలె? పెద్ద భవనం కోసం చూడొద్దు. ఒక గది, ఒక పెద్ద గుడ్డ చాలు.

ఒకటి: గుడ్డ మీద కాసిపేట, సోమగూడెం, దేవాపూర్ దారులు గీయాలె. వాడ ఎక్కడుండె, ఏ బాయిలో నీళ్లు తోడనియ్యలేదు – పెద్దవ్వలు చూపిస్తే పిల్లలు రాయాలె. గూడేల సంగతి గోండులు, కోలాములే చెప్పాలె; వాళ్ల తరఫున మనం మాట్లాడొద్దు.

రెండు: సామాను గుంజుకోవద్దు, అడిగి తేవాలె. ఎవరిదో పేరుతో రాసి, కాయితం ఇచ్చి, వాపస్ అడిగిన రోజు ఇచ్చేయాలె.

మూడు: చీటీ మీద ఇంటోళ్ల మాటే ఉండాలె, వాళ్ల యాసలోనే. చదువు రానోళ్ల కోసం ఆ మాటను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి వినిపించాలె.

నాలుగు: కమిటీలో సగం ఆడోళ్లు ఉండాలె. బాయి దిగినోడి కథ అందరూ చెప్తరు. షిఫ్టు దిగి మనిషి ఇంటికి వస్తడో రాడో అని ఎదురుచూసినామె కథ ఎవరూ అడగరు. కాంట్రాక్టు సఫాయి కార్మికురాలికీ కుర్చీ ఉండాలె.

ఐదు: ఒక అర ఖాళీగా వదలాలె. ఇక్కడ ఏముండాలె, ఎందుకు లేదు అని వచ్చినోళ్లందరినీ అడగాలె. దాచుకోవడానికి ఏమీ మిగలనోళ్లకు ఆ ఖాళీయే జాగ.

రేపు కంపెనీయో సర్కారో మ్యూజియం కడతమని వస్తే వద్దనొద్దు. ఒక్క షరతు పెట్టాలె: ఏది పెట్టాలె, ఏది పెట్టొద్దు, ఏమని రాయాలె అన్నది మేం కూసోని తేల్చాలె. రిబ్బన్ కత్తిరించే రోజు చప్పట్లకు పిలిస్తే పోవుడు కాదు. పునాది తవ్వక ముందే పిలువమనాలె. మన చరిత్ర గదికి తాళంచెవి మన వాడలోనే ఉండాలె.