కుళాయిలో పొగమంచు

మీర్‌పేటలో వానాకాలం ముదిరిందనడానికి మా ఇంట్లో ఒకటే గుర్తు. పెరటి గోడ మీద పచ్చని పాచి పుడుతుంది. అది కనిపించగానే మా అమ్మ చీపురూ బ్లీచింగ్ పొడీ వెతుకుతుంది. అటువంటి ఇంట్లోంచి కెమెరా భుజాన వేసుకుని, చెట్లకు పట్టిన నాచు చూడడానికి మూడు రోజులు కొండల్లో నడవబోతున్నానని చెబితే ఆవిడ నవ్వడంలో వింత లేదు. "పెరట్లో ఉన్నది చాలలేదురా?" అంది.

వెళ్ళింది పడమటి కనుమల్లోని కుద్రేముఖ్‌కు. కన్నడంలో కుదురె అంటే గుర్రం. కొండ గుర్రం మొహంలా ఉంటుందని ఆ పేరు. రాత్రుళ్ళు అడవి లోపల గుడారం వేయనివ్వరు. పల్లెలో బస చేసి, అటవీశాఖ అనుమతితో పగలు నడిచి, చీకటి పడకముందే దిగి రావాలి. ముళ్ళోడి నుంచి శిఖరానికి పోనూ రానూ దాదాపు 20 కిలోమీటర్లు. గడ్డి కొండల మధ్య, లోయల మడతల్లో, షోలా అడవులు ముడుచుకుని ఉంటాయి. లోపలికి అడుగుపెడితే పట్టపగలే సాయంత్రం. కాండాల మీద, కొమ్మల మీద, రాళ్ళ మీద అంతటా నాచే. కాళ్ళకు జలగలు సరేసరి.

మొదటి రోజంతా ఛాయాచిత్రాలు తీస్తూనే ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి కటకం లోపలికి చెమ్మ చేరింది. ఎటు చూసినా తెల్లటి మసక. చేసేది లేక ఒక చెట్టు పక్కన నిలబడ్డాను. వాన ఆగి అరగంటయినా ఆ చెట్టు కింద చినుకులు ఆగలేదు. నాచును అరచేత్తో మెల్లగా ఒత్తితే నీరు మణికట్టు దాకా కారింది. నాచుకు అసలైన వేళ్ళు ఉండవు. పైనుంచి వచ్చిన వాననూ పొగమంచునూ ఒంటితోనే తాగి, తన ఎండు బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచుతుంది. తరువాత మెల్లమెల్లగా విడిచిపెడుతుంది. దాని కింద ఆకులు కుళ్ళిన మెత్తని నేలదీ అదే పని. వానలు వెళ్ళిపోయిన నెలల తరువాత కూడా అక్కడి వాగులు పారుతున్నాయంటే కారణం ఇదే. నేను అంతవరకు తీసిన చిత్రాల్లో పచ్చదనం ఉంది కానీ ఈ పని లేదు.

ఈ కొండల్లోనే, గంగామూల దగ్గర, తుంగా భద్రా రెండూ పుడుతున్నాయి. కూడ్లి దగ్గర కలిసి, మంత్రాలయం, కర్నూలు దాటి కృష్ణలో చేరుతున్నాయి. ఆ కృష్ణ శ్రీశైలం మీదుగా నాగార్జునసాగర్‌కు వస్తుంది. అక్కడి నీటిని కోదండాపురంలో శుద్ధి చేసి, సాహెబ్‌నగర్ మీదుగా హైదరాబాదుకు అందించడం 2004లో మొదలైంది. మా వీధి కుళాయిలో ఇప్పుడు వచ్చేదీ కృష్ణ నీరే. అందులో ఆ పొగమంచు వాటా ఎంతో ఎవరూ కొలవలేరు గానీ, అసలు లేదని మాత్రం అనలేం.

కనుక నా అభిప్రాయం ఇది. వాన అడవి మనం సెలవుల్లో చూసి వచ్చే అందం మాత్రమే కాదు, మనం తాగే నీటికి మొదటి గిన్నె. ఆ గిన్నెను చాలా కాలం తవ్వాం కూడా. 1976లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఇనుప ఖనిజం కోసం అక్కడ కొండలను దొలిచింది. ఒండ్రు భద్రలోకి దిగింది. 2002లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చాక, 2005 చివరికి గాని తవ్వకం ఆగలేదు. ఇప్పుడు రోజుకు ఇంతమందికే అనుమతి అంటే మన కెమెరా మిత్రులు విసుక్కుంటున్నారు. అనుమతి దొరకక ఒకసారి నేనూ విసుక్కున్నవాణ్ణే. ఇప్పుడు ఆ హద్దు న్యాయమే అంటాను. నేను దిగి వెళ్ళిన బురద దారి, నా వెనుక వచ్చినవారి అడుగులతో ఎంత వెడల్పయిందో కళ్ళారా చూశాను.

అయితే కుద్రేముఖ్ గురించి మాత్రమే బాధపడి ఊరుకుంటే అది సుఖమైన బాధ. హైదరాబాదులో కురిసేది ఏటా సుమారు 800 మిల్లీమీటర్లు. అక్కడికి దగ్గరలోని ఆగుంబెలో 7,000 పైమాటే. అంత వాన పడే చోట నీటిని ఆపే పని నాచు చేస్తే, ఇంత తక్కువ పడే మన రాతినేల మీద ఆ పని చేయడానికి మన పెద్దలు గొలుసు చెరువులు తవ్వారు. మీర్‌పేటకూ చెరువులున్నాయి. వాటిలోకి మురుగు వదిలి, నీళ్ళు నడిచే దారుల్లో ఇళ్ళు కట్టుకున్నాం. 2020 అక్టోబరులో పడిన కుండపోతకు మా చుట్టుపక్కల కాలనీల్లో రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. అప్పుడు తప్పు వానదే అన్నాం. చెరువే మన నాచు. పెరటి గోడను గీకేసినట్టు దాన్నీ గీకేశాం.

కటకం ఆరింది. బాగుచేయించాను కూడా. వచ్చే ఆదివారం దాన్ని పట్టుకుని పెద్దచెరువు గట్టు మీదికి వెళ్దామనుకుంటున్నాను. పొగమంచు ఉండదు, వాసన ఉంటుంది. ఆ చిత్రాలు ఎవరికీ నచ్చకపోవచ్చు. అయినా కుద్రేముఖ్ చిత్రాల పక్కనే వాటినీ పెడతాను. మీ ఊరి చెరువును మీరు చివరిసారి ఎప్పుడు చూశారు?

అన్నట్టు, పెరట్లో పాచిని అమ్మ గీకేసింది. నేను అడ్డు చెప్పలేదు. కాలు జారడం నిజమే కదా.