ఆ 120 గ్రాముల పొట్లం ఏమైంది?

తమ్ముడూ, చెల్లే! ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. మీ ఇంట్ల పత్తి విత్తనం సంచి విప్పితే, 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఒకటి వచ్చేది. అదెందుకో మీ నాయినకు ఎవరన్నా చెప్పిన్రా? చాలా ఇండ్లల్ల అది మూలకు పడ్డది.

అసలు సైన్స్ అంతా ఆ పొట్లంలనే ఉండె.

అది బీటీ కాని పత్తి. చేను చుట్టూ వేయాలె. బీటీ విషాన్ని తట్టుకునే గులాబీ రంగు పురుగు ఎప్పుడో ఒకటి పుడుతది. అది తనలాంటి దానితోనే జతకడితే పిల్లలన్నీ మొండివే. పక్కన మామూలు పత్తి ఉంటే, అక్కడ పెరిగిన మామూలు పురుగుతో జతకడుతది. ఆ పిల్లలు బీటీ పత్తి తిని చస్తయి. గింతే! గోండిల, కొలామిల పది నిమిషాలల్ల చెప్పొచ్చు. చెప్పలే.

ఏమైంది? బీటీ పత్తికి మన దేశంల 2002లో అనుమతి ఇచ్చిన్రు. 2010 నాటికి గుజరాత్‌లో పురుగు దాన్ని తట్టుకుంటున్నదని కంపెనీయే ఒప్పుకుంది. 2006లో వచ్చిన రెండో రకం కూడా తర్వాత ఓడిపోయింది. పొట్లం ఒక్కటే కారణం అంటలేను. పత్తిని మార్చి దాకా చేన్ల ఉంచుడు కూడా పురుగుకు తిండి పెట్టింది. అది కూడా మనకు ఎవరు చెప్పిన్రు?

పురుగు కాయ లోపల ఉంటది, పైన కొట్టిన మందు దానికి తగలదు. అయినా డబ్బాల మీద డబ్బాలు కొట్టినం. 2017లో మన పెన్‌గంగ అవతల, యవత్మాల్ జిల్లాల, పత్తి చేన్లకు మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయిన్రు.

"ఆదివాసీలకు చెప్పినా తెల్వదు" అంటరు. అయ్యా, ఏ భాషల చెప్పిన్రు? సంచిల కాగితం పెడితే చెప్పినట్టేనా? మందుల దుకాణపాయనే అప్పిస్తడు, ఆయనే మందు రాస్తడు. అమ్మేటోడే సలహా ఇస్తే ఆ సలహా ఎట్లుంటది?

ఇప్పుడు ఎండలు ముదురుతున్నయి. పురుగు ఒంటికి సొంత వేడి ఉండదు. బయట వేడి పెరిగితే ఎక్కువ తింటది, తొందరగా పెరుగుతది. వరి, గోధుమ, మక్కలల్ల పురుగుల నష్టం ఒక్కో డిగ్రీకి 10 నుంచి 25 శాతం పెరుగుతదని 2018లో 'సైన్స్' పత్రికల వచ్చిన పరిశోధన అంచనా వేసింది.

మనం కూడా ఒకటి ఒప్పుకోవాలె. "మా తాతలకు అన్నీ తెలుసు" అంటే సరిపోదు. జొన్న, కంది కలిపి వేసిన చేను తాతలకు తెలుసు. అది గొప్ప విద్యే, పోగొట్టుకోవద్దు. కానీ ఒక్క హైబ్రిడ్ పత్తే నిండిన చేను వాళ్లు చూడలే. 2018లో మన దేశానికి వచ్చిన కత్తెర పురుగునూ చూడలే.

రెండూ కలిస్తే ఏమైతదో పాల్వంచ దగ్గరి పునుకుల ఊరు చూపెట్టింది. పురుగు బతుకు ఎట్ల నడుస్తదో తెలుసుకొని, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం వాడి, పత్తి పండించే ఆ ఊరు రసాయన పురుగుమందులనే విడిచిపెట్టింది.

సదువుకున్న నువ్వు ఏం జేస్తవు? ఫోన్ నీ చేతిల ఉంది. విచ్చుకోకుండా ముడుసుకుపోయిన గుడ్డిపూలను ఫొటో తియ్యి, అవ్వకు చూపెట్టి తెంపించు. లింగాకర్షక బుట్ట కట్టు. ఒక్కో బుట్టల రాత్రికి 8 రెక్కల పురుగులు, వరుసగా మూడు రాత్రులు పడితేనే మందు సంగతి ఆలోచించాలని చెప్పు. కొత్త సంవత్సరం వచ్చినంక పత్తి కట్టె చేన్ల ఉంచనియ్యకు. ఇదంతా నీ భాషల రికార్డు చేసి గూడెం గ్రూపుల పెట్టు. రాయి సెంటర్ల పెద్దలు కూసున్నప్పుడు మాట్లాడు.

అధికారులను కూడా అడుగు: సీజన్‌కు ముందే గూడేనికి రావాలె, మన భాషల చెప్పాలె, మన ప్రశ్నలు రాసుకొని పోవాలె, జవాబుతో మళ్లా రావాలె. ఇది దయ కాదు, మన హక్కు.

ఇంకో పొట్లం మూలకు పడనియ్యకు.

జై ఆదివాసీ!