గొలుసు వదిలిన చేతిదే బాధ్యత

2024 మే నెలలో చెన్నైలోని ఒక పార్కులో రెండు రాట్‌వీలర్ కుక్కల దాడిలో ఐదేళ్ల బాలిక తీవ్రంగా గాయపడింది. అవి వీధికుక్కలు కావు, యజమాని ఉన్న పెంపుడు శునకాలు. అంతకు రెండు నెలల ముందే 23 జాతులను నిషేధించాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించగా, కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చర్చంతా జాతి చుట్టూ తిరిగింది. గొలుసు లేకుండా వదిలే నిర్లక్ష్యం మరుగున పడింది. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ముప్పు కలగకుండా జాగ్రత్త వహించని వారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. కానీ కుక్క ఎవరిదో తేలకుంటే ఆ సెక్షన్ కాగితానికే పరిమితం. కనుక పురపాలక సంస్థలు లైసెన్సును, టీకాల నమోదును కచ్చితంగా అమలు చేయాలి. కరిచాక వేసే శిక్ష కన్నా ముందే పట్టుకున్న గొలుసు మేలు.