జాతర పెద్దదే.. పాత సంచిక దొరికేది చిన్న సంతలోనే

హైదరాబాద్: కామిక్ సమ్మేళనం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది అమెరికాలోని శాండియాగో. ఏటా వేసవిలో జరిగే ఆ వేడుకకు 1.30 లక్షల మందికి పైగా తరలివస్తారు. 1970 ఆగస్టులో అదే నగరంలోని ఒక హోటల్లో తొలి మూడు రోజుల సమ్మేళనం జరిగినప్పుడు వచ్చినవారు సుమారు 300 మందే. సినిమాకు, సైన్స్ కల్పనా సాహిత్యానికి ఆదినుంచే అక్కడ చోటున్నప్పటికీ పాత సంచికల క్రయవిక్రయాలు, చిత్రకారులతో ముచ్చట్లే ఆనాడు దానికి ఆయువుపట్టు. యాభై ఏళ్లు దాటేసరికి హాలీవుడ్ సంస్థలు, టీవీ ధారావాహికలు, బొమ్మల కంపెనీలు ముందు వరుసను ఆక్రమించాయి. పేరులో కామిక్ మిగిలింది. పుస్తకం మాత్రం వెనక్కి జరిగింది.

ఈ మార్పు ఎంత దూరం వెళ్లిందో 2017లో తేటతెల్లమైంది. డెన్వర్‌కు చెందిన పాత సంచికల విక్రయ సంస్థ మైల్ హై కామిక్స్ 44 ఏళ్ల అనుబంధాన్ని తెంచుకుని శాండియాగో నుంచి తప్పుకొంది. ఖర్చులు పెరిగి అమ్మకాలు గిట్టుబాటు కావడం లేదన్నది యజమాని చక్ రోజాన్‌స్కీ వాదన. దేశంలోనే పేరెన్నికగన్న విక్రేతకే ఆ పరిస్థితి ఎదురైతే నాలుగు పెట్టెలు కారులో వేసుకుని వచ్చే చిరువ్యాపారి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అద్దె మోత.. ధరల వాత

పెద్ద ప్రదర్శనలో స్టాలు అద్దె, సరుకు రవాణా, హోటలు బస అన్నీ ఖరీదైనవే. ఆ భారమంతా చివరకు పుస్తకం ధరపైనే పడుతుంది. డాలరుకు, రెండు డాలర్లకు అమ్ముడుపోయే మామూలు సంచికలను మోసుకొస్తే విక్రేతకు స్టాలు అద్దె కూడా గిట్టదు. కాబట్టి అరుదైన, ఖరీదైన ప్రతులనే గోడకు వేలాడదీస్తాడు. బేరానికి సుముఖత చూపడు. కొనుగోలుదారుకూ తీరిక ఉండదు. ప్రవేశ అర్హత కోసం నెలల ముందే ఆన్‌లైన్‌లో పోటీపడాలి. లోపలికి వెళ్లాక సగం పొద్దు వరుసల్లోనే గడిచిపోతుంది.

చిన్న సంత తీరు వేరు. హోటలు హాలులోనో, సామాజిక భవనంలోనో ఒక్కరోజు జరిగే ఈ కొలువులో పొడవాటి అట్టపెట్టెలు బారులు తీరి ఉంటాయి. ఒక్కో పెట్టెలో రెండొందలకు పైగా సంచికలు పడతాయి. ఒక వరుసక్రమంలో తమకు తక్కువైన 14వ సంచిక కోసమో, 37వ సంచిక కోసమో సేకర్తలు నిలబడి గంటల తరబడి వెతుక్కుంటారు. అడిగితే కవరులోంచి తీసి చూపించే వెసులుబాటూ ఇక్కడే ఎక్కువ. మడత చిట్లిందా, పిన్నులు తుప్పుపట్టాయా, లోపల కూపన్ ఎవరైనా కత్తిరించుకున్నారా అన్నది పేజీ తిప్పితే గాని తేలదు. సాయంత్రమైతే మిగిలిన సరుకు తిరిగి మోసుకుపోవడం ఇష్టంలేక విక్రేతే ధర తగ్గిస్తాడు. మన సంతలో పొద్దువాలాక కూరగాయల బేరం ఎలా సాగుతుందో అలాగే.

పెద్ద సమ్మేళనం దండగని మాత్రం తేల్చేయలేం. పదుల సంఖ్యలో రచయితలు, చిత్రకారులు ఒకేచోట సంతకాలకు దొరికేది అక్కడే. చేతితో గీసిన అసలు చిత్రాలు కొనదలచినవారికీ అదే మేలు. 2000లో ఆరంభమైన సీజీసీ వంటి సంస్థలు పుస్తకం స్థితిని పదింటికి ఇన్ని పాయింట్లని నిర్ధారించి ప్లాస్టిక్ పెట్టెలో భద్రపరుస్తాయి. వాటికి ప్రతులను నేరుగా అప్పగించే వీలు ఎక్కువగా పెద్ద వేదికలపైనే ఉంటుంది. 1938లో పది సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ తొలి సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఆ స్థాయి ప్రతికి గ్రేడింగ్ రక్షణే. అయితే పెట్టెలో బిగించిన పుస్తకాన్ని మళ్లీ చదవలేం. చదువుకోవడానికి కొనేవారికి అది వట్టి వస్తువే.

ఈ రెంటికీ నడుమ మరో దారి లేకపోలేదు. నార్త్ కరోలినాలోని షార్లట్‌లో 1982 నుంచి సాగుతున్న హీరోస్ కన్వెన్షన్ సినిమా ఆర్భాటానికి లొంగకుండా చిత్రకారులకు, పుస్తకాలకే పెద్దపీట వేస్తోంది.

మనకు ఉన్నదేమిటి?

భారత్‌లో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై 2013లో హైదరాబాద్‌కు చేరింది. 2024లో దీన్ని గేమింగ్ సంస్థ నాడ్విన్ చేజిక్కించుకుంది. వేషధారణలు, వీడియో ఆటలు, టీషర్టులకు యువత పోటెత్తుతోంది. పాత సంచికల కొనుగోళ్లు అక్కడ ప్రధానాంశం కావు. తెలుగు సేకర్త వెతికేది 1947లో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన చందమామ, బాలమిత్ర, బొమ్మరిల్లు, అమర్ చిత్ర కథల తొలి ముద్రణలు. చందమామను కామిక్ అనవచ్చునా అన్న వాదం ఉండవచ్చు గాని, చిత్రా, శంకర్, వపా బొమ్మల కోసమే దాన్ని దాచుకునేవారికి ఆ వాదంతో పనిలేదు. వీరికి శాండియాగో తరహా జాతర ఒకటి హైదరాబాద్‌లో ఉంది. చిన్న సంత మాత్రం లేదు. ఆ లోటును కొంతైనా తీరుస్తున్నది మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్‌పై పరుచుకునే అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారే.

అక్కడికి చేరే పుస్తకాలు కూడా అదృష్టం కొద్దీ చేరినవే. జిల్లాల్లో తాతల నాడు బైండు చేయించిన సంపుటాలు ట్రంకుపెట్టెల్లోనే ఉండిపోతున్నాయి. ఇల్లు మారినప్పుడో, పంపకాలప్పుడో తూకానికి వెళ్లిపోతున్నాయి. అమ్మేవారికి విలువ తెలియదు, కొనేవారికి చిరునామా తెలియదు. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో ఒక్కరోజు పాత బాలల పత్రికలకు నామమాత్రపు అద్దెపై పది బల్లలు కేటాయిస్తే ఈ ఇరువురూ కలుసుకుంటారు. దానికి సినీతారలు అక్కర్లేదు. గ్రంథాలయ సంస్థ హాలు, నాలుగు కుర్చీలు, ఒక బ్యానరు చాలు.