కాటిదాక తోడు

అమెరికా రాజధానియగు వాషింగ్టనునకు ఎదుట, పొటోమాక్ నది ఆవలిగట్టున, అంతర్యుద్ధకాలమున 1864లో ఏర్పడిన ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికయందు నేటికి 4 లక్షలకు పైబడిన సైనికులును వారి కుటుంబములవారును శాశ్వతనిద్రలో నున్నారు. 1948లో ఆ దేశపు వైమానికదళాధిపతియైన హోయిట్ వాండెన్‌బర్గును, ఆయన సతీమణి గ్లాడిసును అచటి అంత్యక్రియలకు వెళ్లుచు, కొందరు వైమానికుల సమాధికడ మతాచార్యుడును, విధిమేరకు వచ్చిన గౌరవభటులును తప్ప నా అన్నవాడు ఒక్కడును లేకుండుట గమనించిరి. చూచి నిట్టూర్చి ఇల్లు చేరువారు లోకమున అనేకులు కలరు. ఆ యిల్లాలు మాత్రము అంతటితో ఊరకుండక, తోడి అధికారుల భార్యలను కూడగట్టి, ఇకమీద ఏ వైమానికుడును దిక్కులేనివానివలె మట్టిలో కలియరాదని నిశ్చయించి, ప్రతి అంత్యక్రియకును ఒకరు వెళ్లునట్లు ఏర్పాటు చేసెను.

‘ఆర్లింగ్టన్ లేడీస్’ అను పేర ప్రసిద్ధికెక్కిన ఈ సంప్రదాయమును 1973లో సైన్యాధిపతి క్రైటన్ ఏబ్రమ్స్ భార్య జూలియా భూసేనకును విస్తరింపజేసెను. 1985లో నౌకాదళమును, 2006లో తీరరక్షకదళమును ఆ మార్గమునే అనుసరించినవి. పనిదినములలో రోజుకు సుమారు 25, 30 అంత్యక్రియలు జరుగు ఆ వాటికలో, ఎండయనక, వానయనక, మంచనక, ఒక స్త్రీ వచ్చి, గౌరవభటుని చేయూతతో సమాధికడకు నడచి, క్రతువు ముగియువరకు నిలుచుండి, పిమ్మట మృతుని భార్యనో కుమారునో సమీపించి, దళాధిపతి పక్షమున ఒక సంతాపలేఖను, తన చేతివ్రాతతోడి చీటి నొకదానిని అందించి, రెండు మంచిమాటలు చెప్పి మరలిపోవును. వారు ఏడ్చుటకు వచ్చినవారు కారు. సైనికకుటుంబము తరఫున నిలుచుటకు వచ్చినవారు. మృతుని హోదా పెద్దదా చిన్నదా అను విచారణ వారికి లేదు. బంధువులు నూరుమంది వచ్చినను వారు వత్తురు. ఒక్కరును రాకున్నను వత్తురు.

అట్లని అక్కడి ప్రభుత్వము తన వంతు విస్మరించినదని చెప్పరాదు. 1999లో చేయబడి 2000 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన శాసనము ప్రకారము, కుటుంబము కోరినచో, అర్హుడైన ప్రతి మాజీ సైనికుని అంత్యక్రియకును యూనిఫారము ధరించిన ఇద్దరిని, వారిలో ఒక్కరినైనను అతడు కొలువుచేసిన దళమునుండియే, పంపవలెను; వారు పేటికపైనున్న జాతీయపతాకమును మడచి ఆప్తులకు సమర్పింపవలెను; ‘ట్యాప్స్’ అను బ్యూగిలు గీతము వినిపింపవలెను. ఆ పతాకము తొమ్మిదిన్నర అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గలది. నక్షత్రముల నీలిభాగము మృతుని తలవైపున, ఎడమభుజముమీద నుండునట్లు పరచబడును. ఇద్దరును దానిని బిగువు సడలకుండ పట్టి, నిడివిగా రెండుమారులు మడచి, చారలున్న కొసనుండి ముక్కోణములుగా మడచుకొనుచు వత్తురు. ప్రతి మడతకును తెల్లని చేతొడుగుల అంచుతో ముడుతలు సరిచేయుదురు. 13వ మడత ముగియుసరికి ఎరుపన్నది బయటకు కనబడక, నక్షత్రములు పొదిగిన నీలిముక్కోణము ఒక్కటి మిగులును. దానిని రెండు అరచేతులనడుమ నుంచుకొని, ఒక భటుడు మృతుని భార్యయెదుట మోకాలిపై వంగి, దేశాధ్యక్షుని పక్షమునను కృతజ్ఞమైన జాతి పక్షమునను స్వీకరింపుమని పలుకును.

శాసనము విధించిన కనిష్ఠము ఇంతే. మూడు విడతల తుపాకికాల్పుల గౌరవము అందులో చేరలేదు. ఆ లోటు పూరించువారు పెక్కుచోట్ల అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికసంఘముల స్వచ్ఛంద సేవకులు. మిన్నెసోటా రాష్ట్రమందలి ఫోర్ట్ స్నెల్లింగ్ జాతీయ శ్మశానవాటికలో 1979 నుండి ఇట్టి దళ మొకటి, ఎముకలు కొరుకు చలిలో సైతము, తుపాకులు పట్టి నిలుచుచున్నది. అందలి వారిలో అధికసంఖ్యాకులు తామే వార్ధక్యమున పడినవారు. బ్యూగిలు ఊదువారు చాలనందున, ముందుగా రికార్డు చేసిన గీతమును వినిపించు పద్ధతి ప్రబలగా, అది సహింపలేని వాద్యకారులు 2000లో ఒక సంఘముగా నేర్పడి, పిలిచినచోటికి వెళ్లి స్వయముగా ఊదుచున్నారు. వారి పట్టుదల చాదస్తమని నేననుకొనను. 1862లో వర్జీనియాలోని సైనికశిబిరమున రూపొందిన ఆ గీతమున 24 స్వరములే కలవు. 1963 నవంబరు 25న దేశాధ్యక్షుడు కెనడీ అంత్యక్రియలలో దానిని ఊదిన సైనికుని ఆరవ స్వరము వణకి చీలినది. దానిని ఎవరును తప్పుగా నెంచలేదు సరికదా, దేశమంతయు తన గద్గదకంఠమునే అందులో వినినది. యంత్రమున కట్టి వణకు లేదు.

వీరుగాక మరియొక తెగవారు కలరు. మృతసైనికుల అంత్యక్రియలకడ చేరి దూషణవాక్యముల అట్టలు పట్టుకొని నిలుచు ఒక మతవర్గమువారి చేష్టలకు వెగటుచెంది, 2005లో కాన్సాస్ రాష్ట్రమున మోటారుసైకిళ్లవారు కొందరు ఒక దళముగా ఏర్పడి, జెండాలు చేతబూని, దుఃఖితులకును దూషకులకును నడుమ గోడవలె నిలిచిరి. అట్టి నిరసనయు వాక్స్వాతంత్ర్యమున చేరినదేయని 2011లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. చట్టము నిషేధింపజాలని క్రౌర్యమునకు పౌరులు మౌనముతో సమాధానము చెప్పుచున్నారు. అయితే కుటుంబము ఆహ్వానించినగాని వారు వెళ్లరు. ఇందులో మర్యాద యంతయు ఈ నియమముననే యున్నదని నా యభిప్రాయము. ఏలయన పరుల శోకము మన దేశభక్తికి ప్రదర్శనశాల కారాదు.

గౌరవము చెల్లించుట రాజ్యధర్మమైనపుడు, సంబంధములేని వారికి ఈ ప్రయాస యేల అని అడుగువారుందురు. రాజ్యము పంపినవాడు ఉత్తరువుపై వచ్చును; అతడెంత శ్రద్ధాళువైనను, రాకుండుటకు అతనికి వీలులేదు. రాకున్నను అడుగువారులేని మనుష్యుడు, తన పని మానుకొని, ముఖమైనను చూచియెరుగని వృద్ధునికొరకు చలిలో నిలుచునపుడు మాత్రమే ‘కృతజ్ఞమైన జాతి’ అను ఆ మాటకు ప్రాణము వచ్చుచున్నది. ఇది మనకు కొత్త ధర్మమును కాదు. అనాథప్రేత సంస్కారము కోటియజ్ఞముల ఫలమిచ్చునని మన పెద్దలు చెప్పిరి. ఊరిలో చావు జరిగినదని వినినంతనే, పలుకరింపులు లేని యింటికైనను పాడె మోయుటకు నలుగురు లేచి వెళ్లుట మన గ్రామములు ఎరిగిన మర్యాదయే.

అయినను మన మాజీ సైనికుని విషయమున ఒక వెలితి నన్ను బాధించుచున్నది. సరిహద్దున ప్రాణమర్పించినవాని భౌతికకాయము వచ్చునపుడు ఊరెల్ల కదలును, మంత్రులు వత్తురు, తుపాకులు మ్రోగును, అట్లే జరుగవలెను. కాని పదునేడేండ్లు, ఇరువదేండ్లు మంచుకొండలలోను ఎడారులలోను కొలువుచేసి, మరలివచ్చి, బ్యాంకు గుమ్మముకడ కాపలా నిలిచి, పిల్లలను చదివించి, ముసలితనమున మంచముపట్టి పోయిన ‘మిలిటరీ తాతయ్య’ను సాగనంపునపుడు, ఆయన సైనికుడైయుండెనని తలచువారు ఎందరు? తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరము, ఇంటింట సైనికులు పుట్టుటచే మిలిటరీ మాధవరమని పేరొందినది; అన్ని ఊళ్లును మాధవరములు కావు.

ఇందుకు పతాకము కావలెననియు, తుపాకులు కావలెననియు నేను కోరుటలేదు. మన పతాకనియమావళి ప్రకారము జాతీయజెండాను భౌతికకాయముపై కప్పుట ప్రభుత్వ లాంఛనములతోను సైనిక, కేంద్ర అర్ధసైనిక లాంఛనములతోను జరుగు అంత్యక్రియలకే చెల్లును. దానిని ఎవరికి తోచినట్లు వారు వాడరాదు. కావలసినది మనుష్యులు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములలో మాజీ సైనికుల పేర్లు నమోదై యున్నవి, మండలములలో వారి సంఘములు కలవు, కళాశాలలలో ఎన్.సి.సి. విద్యార్థులు కలరు. ఒక మాజీ సైనికుడు మరణించినపుడు పంచాయతీ కార్యదర్శి ఆ వార్తను సంఘమునకు ఫోనుచేసి తెలుపవలెను. సంఘపెద్ద ఒకరు మొదట ఆ యింటివారి అనుమతి అడుగవలెను. వారు సరేయన్నచో, పాత పతకములు పెట్టుకొన్న ఇద్దరు ముగ్గురు వృద్ధులును, యూనిఫారమున నలుగురు విద్యార్థులును పాడెవెంట నడచి, చితికడ ఒక్క సెల్యూటు చేసి, ఆయన ఏ రెజిమెంటున ఎన్నేండ్లు ఏ యే చోట్ల కొలువుచేసెనో అక్కడ చేరినవారికి చదివి వినిపింపవలెను. ఆ కాగితమును పిదప ఆయన మనుమలకు ఇచ్చిపోవలెను. ఇందుకు జీ.వో. అక్కరలేదు, నిధులక్కరలేదు, ఏ మండలమున ఒక్క మాజీ సైనికుడు పూనుకొన్నను ఈ నెలలోనే ఆరంభింపవచ్చును.