శరీరం ఎవరిది? కళ ఎవరిది?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో తిరునాళ్ల కాలం వస్తే రాత్రి స్టేజీ మీద రికార్డింగ్ డాన్సు, మర్నాడు ‘అశ్లీలత’ మీద ఆగ్రహం. చందాలు పోగుచేసిన పెద్దలకు, ఈలలు వేసిన మగవాళ్లకు అంటని మచ్చ ఆడిన అమ్మాయికే అంటుతుంది. నిషేధించాలన్న మాట మన సంఘాల్లోనూ వినిపిస్తుంటుంది.

నిషేధం మనకు కొత్త కాదు. ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో, ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1947లో దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లను దేవుడికి అంకితమివ్వడాన్ని అది నిషేధించింది. అది జరగవలసిన పనే. కానీ గుడి ఆవరణలో, దేవుడి ఊరేగింపులో, ఉత్సవంలో స్త్రీ నాట్యం చేయడాన్ని కూడా చట్టవిరుద్ధం చేసింది. దోపిడీతోపాటు ఆమె విద్యనూ, బతుకుతెరువునూ తీసేసింది. సత్యభామ వేషానికి పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను కాదనం. పురుషుడు స్త్రీగా అభినయిస్తే కళ అయినది, స్త్రీ తన శరీరంతో ఆడితే సిగ్గుచేటు ఎలా అయిందని అడుగుతున్నాం.

శరీరమే మాధ్యమమైన ఆధునిక కళ కూడా ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. 1960లో పారిస్‌లో ఈవ్ క్లైన్ అనే చిత్రకారుడు నగ్న స్త్రీల ఒంటికి నీలిరంగు పూయించి, కాగితాల మీద వాళ్ల ముద్రలు వేయించాడు. వాళ్లను ‘సజీవ కుంచెలు’ అన్నాడు. పేరు మాత్రం ఆయనకే వచ్చింది. 1974లో నేపుల్స్‌లో మరీనా అబ్రమోవిచ్ అనే కళాకారిణి బల్లమీద 72 వస్తువులు పెట్టి, వాటితో తనను ఏమైనా చేయవచ్చని ఆరు గంటలు కదలకుండా నిలబడింది. జనం ఆమె బట్టలు కోశారు, ఒంటిమీద గాట్లు పెట్టారు, తుపాకీ గురిపెట్టారు. గడువు ముగిసి ఆమె తమవైపు నడవగానే తప్పుకుపోయారు. అక్కడ బయటపడింది చూసేవాళ్ల నగ్నత్వం.

మొదటిచోట స్త్రీ శరీరం పనిముట్టు. రెండోచోట నిర్ణయం ఆమెది.

మరి తిరునాళ్ల స్టేజీ మీది అమ్మాయికి ఆ నిర్ణయం ఉందా? ఆమె కూలి ఎవరు మాట్లాడారు? చేతికి ఎంత ముట్టింది? ‘ఈ పాటకు ఆడను’ అంటే తెల్లారేసరికి క్షేమంగా ఇల్లు చేరగలదా? బట్టలు విప్పమని బలవంతపెట్టినవాడి మీద, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లను తెచ్చినవాడి మీద కేసు పెట్టించాలి. ఆడిన స్త్రీని పోలీసుస్టేషన్లో, పత్రికల ఫొటోల్లో మరోసారి ప్రదర్శనకు పెట్టడాన్ని ఎదిరించాలి. ఆమెకు రాతపూర్వకమైన ఒప్పందం, తగిన కూలి, భద్రత కావాలని అడగాలి.

నిషేధం కోరుతూ అర్జీ రాసేముందు ఆ స్త్రీలతో కూర్చుని మాట్లాడుదాం. వాళ్ల శరీరాల గురించి వాళ్లు లేనిచోట తీర్మానాలు చేయడం ఇకనైనా మానుదాం.

- సంపాదకవర్గం